పండ్లబొమ్మలు - పసిచేతుల రంగులు

విద్యారంభమనగానే మన ఇండ్లలో పలక, బలపము, ఓనమాలు స్ఫురిస్తాయి. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనైతే ఖాయిదా పుస్తకము, అందులో అలిఫ్ అక్షరము ప్రక్కన అనార్ బొమ్మ. అక్షరము కంటె ముందు ఆ బొమ్మనే శిశువు గుర్తుపడుతుందన్న సంగతిని పెద్దలు అంతగా పట్టించుకోరు. పండ్లబొమ్మలకు రంగులు వేయించడము కేవలము కాలక్షేపమనీ, పిల్లలు అల్లరి చేయకుండా కూర్చోబెట్టే ఉపాయమనీ చాలామంది అభిప్రాయము. సంక్రాంతి ముందర జాతీయ సేవా పథకము శిబిరములో భాగముగా నందికొట్కూరు సమీపములోని ఒక అంగన్‌వాడీలో వారము దినములు గడిపిన మాకు ఆ అభిప్రాయము నిలువలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లోనే పసిపిల్లలకు ఆటనే పాఠముగా చేసిన సంస్థను నెలకొల్పినాడు. మేడమ్ మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. లోహపు చట్రముల ఆకారములను గీయించి, వాటి లోపల రంగు పెన్సిళ్ళతో గీతలు నింపించడము ఆమె పద్ధతిలో వ్రాతకు పూర్వరంగము. గీత దాటకుండా తిరగడము నేర్చిన వ్రేళ్ళకు 'అ' చుట్టడమైనా, 'బే' క్రింద చుక్క పెట్టడమైనా అంత కష్టము కాదు. మన దేశములో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనప్పటినుండి పౌష్టికాహారముతో పాటు ఈ తొలి చదువు కూడా ఆ పథకపు బాధ్యతలలో ఒకటి.

మొదటి దినము మేము అంగడిలో కొన్న రంగుల పుస్తకమును తీసికొని వెళ్ళినాము. అందులో ఆపిల్, చెర్రీ, పియర్, స్ట్రాబెరీ ఉన్నవి. ఆపిల్‌ను పిల్లలు బండిమీద చూచియున్నారు. స్ట్రాబెరీ వంతు వచ్చేసరికి ఒక బాలుడు దానిమీది చుక్కలు చూచి సీతాఫలమని నిశ్చయించి, నిండుగా పచ్చరంగు పూసినాడు. వర్షాకాలము చివర ఆత్మకూరు దిక్కునుండి గంపలలో వచ్చే నల్లమల సీతాఫలములు తిని పెరిగిన బిడ్డకు మరేమి తోస్తుంది? ఆ పుస్తకము అచ్చువేసినవారు మా సీమ పిల్లలను తలచుకొని వేసినట్లు లేదు. ఆ రాత్రి మాలో చేయి తిరిగినవారు కూర్చుండి రేగు, జామ, నేరేడు, సీతాఫలము, చీనీకాయ, దానిమ్మ, మామిడి, అరటి గీసినారు. మరునాడు వాటికే జిరాక్సు ప్రతులు తీయించి పంచినాము. దొరికిన రేగుపండ్లను, జామపండ్లను తెచ్చి పిల్లల నడుమ పోసినాము. వానిలో సగము రంగులు వేయకముందే మాయమైనవి!

ఒక చిన్నది రేగుపండు బొమ్మకు ఒక ప్రక్క పచ్చ, నడుమ పసుపు, మరొక ప్రక్క ఎరుపు గోధుమరంగు వేసినది. చూడవచ్చిన పెద్దమనిషి ఒకరు "పండుకు ఒకటే రంగుండవలె" నని దిద్దబోయినారు. ఆ పాప మారుమాట లేకుండా తన గుప్పిటలోని దోరపండును చూపినది. దానిమీద మూడు రంగులూ ఉన్నవి. మామిడి సంగతీ అంతే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి బంగారు పసుపు నిజమే గాని, నాటు చెట్టుకాయ పండినా పచ్చగా ఉండవచ్చును. పసుపు వేయనివానికి సున్న మార్కులు వేసే చదువు చూపును మాన్పించి, చెప్పినది చేయడము మాత్రమే నేర్పుతుంది.

అచ్చు గీతల మధ్య రంగు నింపించడము పిల్లల సృజనశక్తిని కుంటుపరుస్తుందని లోవెన్‌ఫెల్డ్ అను కళావిద్యావేత్త 1947లో ప్రకటించిన గ్రంథములో వాదించినాడు. మా మిత్రులలో ఈ విషయమై రెండు రాత్రులు వాదము నడిచినది. తెల్లకాగితము చూచి బెదరిన బిడ్డకు గీత ఆసరాయే. అయితే బొమ్మ ముగిసిన వెంటనే అదే పండును ఖాళీ కాగితముమీద తనంతట గీయనివ్వవలె. మేము అట్లే చేయించినాము. ఆ రెండవ కాగితములలో పండుతో పాటు చెట్టు, కట్టె పట్టుకొన్న అవ్వ, రాళ్ళు విసిరే పిల్లలు కూడా వచ్చినారు.

రంగుబలపముల పెట్టెలు మూడే ఉండుటచేత పసుపు, బొగ్గుపొడి, ఆకుపసరు వాడినాము. పసుపులో రవంత సున్నము కలిపితే ఎరుపు తేలడము చూచి పిల్లలు చప్పట్లు కొట్టినారు. సున్నము కండ్లకు ప్రమాదము గనుక ఆ కలుపుట మాత్రము మా చేతనే జరిగినది.

ఇవన్నీ అటుంచి, మమ్ములను కదిలించినది వేరొకటి. ఇంట ఉర్దూ తప్ప ఎరుగని నాలుగేండ్ల పిల్లవాడు ఒకడు రెండు దినములు నోరు విప్పలేదు. "వీనికి బుద్ధి తక్కువ" అని అప్పటికే ఎవరో తీర్పు చెప్పియున్నారు. మూడవనాడు దానిమ్మబొమ్మ అందుకొని మెల్లగా "అనార్" అన్నాడు. ప్రక్కనున్న పాప "కాదు, దానిమ్మ" అన్నది. అరటిపండును చూచి వాడు "మౌజ్" అన్నాడు. ఆమె నవ్వి ఆ మాట తానూ పలికి చూచినది. నేరేడుపండు వచ్చేసరికి ఇద్దరూ ఊదారంగు బలపమునకు ఒక్కసారే చేయి చాచినారు. ఊదా అను మాట ఉభయ భాషలలోనూ ఒక్కటే గదా! ఆనాటినుండి వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. బుద్ధి తక్కువ అన్న ముద్రతోనే వాడు ఒకటవ తరగతిలో చేరియుంటే ఏమయ్యేదో ఊహించుటకే మాకు భయమైనది. సాధ్యమైనంతవరకు కనీసము ఐదవ తరగతి దాకా బోధన ఇంటిభాషలో ఉండవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. తెలుగు బడిలో వెనుకబెంచీన కూర్చున్న ఇట్టి బిడ్డకు అంతవరకు ఒక పండుబొమ్మ అయినా అందవలె గదా.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమేమనగా, మన ప్రాంతపు పండ్లతో పన్నెండు పుటల రంగుల పుస్తకమును ఉర్దూ, తెలుగు పేర్లతో వేయించి చుట్టుప్రక్కల అంగన్‌వాడీలకు ఇప్పించవలెను. బొమ్మలు సిద్ధముగా ఉన్నవి. కాగితము, అచ్చు ఖర్చులే కావలెను. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి సాగును గనుక పుస్తకమును ఏ వైపు తెరవవలెనన్న చర్చ మాలో ఇంకా తేలలేదు. రెండు వైపులా అట్టలు వేసి, ఇటు ఆరు, అటు ఆరు పండ్లు పెట్టి, నడిమి పుటలో నేరేడుచెట్టును ఉంచుదమని ఉర్దూ శాఖ మిత్రులు సూచించినారు. మాకూ అదే బాగున్నది.