అరవై దాటితే

మా వాడలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. జీపు కొన్న మొదటి మనిషిని కూడా నేనే. కొత్తది కాదు, నిజామాబాద్‌ల ఒకాయన దగ్గర కొన్న పాత డీజిల్ జీపు. సర్కారు బడి పంతులుకు జీపెందుకని స్టాఫ్ రూముల నవ్విండ్రు. మా బడి బోధన్ అవతల రేగడి దారిలో ఉంటుందనీ, వానకాలం అక్కడ మోటారు సైకిల్ చక్రం తిరగదనీ వాళ్లకు చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. మా బాపు పదిహేనేండ్లు ఒక పటేలు జీపుకు క్లీనరుగా ఉన్నాడు. ఆ పదిహేనేండ్లల్ల ఒక్కసారి కూడా ముందట సీట్ల కూసోలేదు. అందుకే కొన్నాను.

బోధన్ దిక్కు చెరుకు సంగతి తెలిసినోళ్లకు ఈ జీపుల సంగతి చెప్పనక్కర లేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడ్డది. కాలువ నీళ్లు పటేండ్ల పొలాలకు పారినయి, చెరుకు పైసలు పటేండ్ల ఇండ్లకు పారినయి. మా తాత మోట బొక్కెనలు కుట్టేటోడు. కరెంటు మోటర్లు వచ్చినంక మోటలు పోయినయి. ఆయన ఆరె, రంపె అటుక మీద పెట్టి చెరుకు కొట్టబోయిండు. మా బాపు చెరుకు మడిలోంచి పటేలు జీపు కిందికి పోయిండు. జీపు మీదికి అని నేను రాయలేను. గ్రీజు పెట్టుడు, బురద కడుగుడు, నట్లు బిగించుడు ఆయన పని. బండి కదిలిందంటే వెనుక డాల పట్టుకొని నిలబడుడే.

నేను జీపు ఇంటికి తెచ్చిన రోజు బాపును ఎక్కుమంటే ఆయన సక్కగ వెనుకకే పోయిండు. "ముందట కూసో బాపూ" అంటే, "ఇక్కడ మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నడు. నేను నవ్విన. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకే సిగ్గయితది.

కొన్న మూడు నెలలకు జీపుకు వణుకు పట్టింది. ఊర్లల్ల తిరిగినప్పుడు ఏమీ లేదు. నలభై మీద నిమ్మలంగ పోతది. ఎడపల్లి దాటి రోడ్డు సాఫీగ దొరికి ముల్లు అరవై దాటంగనే మొదలు. సీటు కింద బుర్రుమని తిమ్మిరి, డ్యాష్ మీద పెట్టిన నా టిఫిన్ గిన్నె మూత గలగల. స్పీడు తగ్గిస్తే మాయం.

మొదట రిమ్ములల్ల చూసిన. లోపల రేగడి మట్టి పెంకు కట్టి ఉన్నది. ఒక్క దిక్కు అరచేతి మందం మట్టి ఉన్నా చక్రం బరువు తప్పుతుంది. గీకి కడిగిన. స్టీరింగ్ ఆడుడు కొంచెం తగ్గింది. నిజామాబాద్ పోయి నాలుగు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించిన. చిన్న చిన్న సీసం ముక్కలు కొట్టిండ్రు. స్టీరింగ్ పూర్తిగ నిలబడ్డది. సీటు కింది వణుకు మాత్రం అట్లనే ఉన్నది. వెనుక టైర్లు పోయినయన్నరు. రెండు కొత్త టైర్లకు నెల జీతంల మంచి ముక్క పోయింది. వణుకు పోలేదు. ఇంకో షెడ్డుల గేరుబాక్సు కింది రబ్బర్లు మార్చిండ్రు. అదీ అంతే. ఒకరోజు అరవై ఐదు మీద క్లచ్ నొక్కి, ఇంజన్ చప్పుడు తగ్గినంక చూసిన. బండి పోయినంత సేపు వణుకు ఉన్నది. అంటే ఇంజన్‌ది కాదు. ఈ మాట చెపితే మెకానిక్ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీదే ఊరు సార్? ఊర్ల ఎక్కడుంటరు?" అని అడిగిండు. చెప్పిన. "పాత బండి ఇట్లనే ఉంటది. మీరు జర మెల్లగ నడుపుకోండ్రి" అన్నడు.

ఈ మాట నేను బండి కొనకముందు నుంచీ వింటున్న. పదో తరగతిల ఫస్ట్ క్లాసు వస్తే, ఐటీఐ చాలు అన్నరు. బీఈడీ సీటు వస్తే, రిజర్వేషన్ గదా అన్నరు. మనం నలభై మీద పోయినంత కాలం ఎవ్వరికీ ఏ ఇబ్బందీ లేదు. అరవై దాటితేనే కులం తగులుతుంది.

నాలుగు నెలలు ఇట్ల గడిచినంక, బాపు కండ్ల ఆపరేషన్ చూపెట్టుకునేదుండి నిజామాబాద్ తీసుకపోయిన. వెనుకనే కూసున్నడు. 2015ల మూతపడ్డ ఫ్యాక్టరీ దిక్కు చూసుకుంట కూసున్న మనిషి, రోడ్డెక్కి వణుకు మొదలు కాంగనే వంగి అరచెయ్యి ఫ్లోరు రేకుకు ఆనిచ్చిండు. జానకంపేట దాంక తియ్యలేదు.

"ఇది చక్రం కాదు బిడ్డా. చక్రమైతే ఊపుతది. ఇది తిమ్మిరెక్కిస్తున్నది. షాఫ్టుది. క్లచ్ ప్లేట్ ఎప్పుడన్న మార్పించినవా?"

మార్పించిన. వణుకు మొదలయ్యే ముందటి వారమే. ఆ రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టనే లేదు.

అయినా నేను నమ్మలేదు. ఇది రాయడానికే ఈ వ్యాసం రాస్తున్న. లెక్కల పంతులును గదా, ఇంటికొచ్చి సుద్దముక్క తీసుకున్న. టైరు మీద ఒక గీత, షాఫ్ట్ మీద ఒక గీత గీసి, వాడ పిల్లలతో జీపును మెల్లగ నూకించిన. బాపు పక్కన కూసోని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టిండు. చక్రం ఒక్క చుట్టు తిరిగేటప్పటికి బండి రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు నడిచింది, షాఫ్ట్ ఐదు చుట్లు దాటి తిరిగింది. అరవై మీద బండి నిమిషానికి వెయ్యి మీటర్లు పోతుంది. అంటే చక్రం సెకనుకు ఏడెనిమిది చుట్లు, షాఫ్ట్ నలభై. ఏడెనిమిదయితే ఊపు, నలభయితే తిమ్మిరి. బాపు అరచెయ్యి చెప్పింది సుద్దముక్క ఒప్పుకున్నది.

చక్రాలకు రాళ్లు పెట్టి బాపు జీపు కింద దూరిండు. నన్ను కూడా రమ్మన్నడు. షాఫ్ట్ రెండు కొసలకు రెండు పంగలుంటయి. పంగల నడుమ క్రాస్ జాయింట్లు. షాఫ్ట్ వాలుగ ఉంటది కాబట్టి మొదటి క్రాస్ దాటంగనే తిరుగుడు సమంగ ఉండదు. ఒక్క చుట్టుల రెండుసార్లు ఉరుకుతది, రెండుసార్లు వెనుకపడ్తది. రెండో క్రాస్ దాన్ని సరిచేస్తది. అయితే రెండు పంగలు ఒక్క వరుసల ఉంటెనే. నడుమ పండ్ల కాడ విప్పి మళ్లా ఎక్కిచ్చేటప్పుడు వరుస తప్పితే సరిచేసుడు పోయి వణుకు పుడ్తది. బాపు గుడ్డతోని గ్రీజు తుడిచి రెండు బాణం గుర్తులు చూపెట్టిండు. ఒకదానికొకటి ఎదురుగ ఉండాల్సినయి, రెండు పండ్లు పక్కకున్నయి.

నట్లు విప్పి, షాఫ్ట్ గుంజి, గుర్తులు కలిపి ఎక్కిచ్చి, గ్రీజు కొట్టెటందుకు గంటన్నర పట్టింది. ఖర్చు గ్రీజుకు అయిందే.

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదు బాపూ?"

"నువ్వు అడుగలేదు గదరా."

కొంచెం సేపటికి ఇంకో మాట చెప్పిండు. 1996ల పటేలు జీపుకు కూడా గిట్లనే వణుకు వచ్చిందట. షాఫ్ట్ తప్పు ఎక్కిచ్చిండ్రు పటేలా అని చెప్పిండట. "మాదిగోనివి, నీకేం ఎరుకరా" అని పటేలు చెంప మీద కొట్టిండట. పదిరోజులకు పట్నం మెకానిక్ వచ్చి అదే షాఫ్ట్ సరిచేసి పైసలు తీసుకపోయిండు. ఆ రోజు నుంచి బాపు ఏ బండి గురించీ నోరు తెరువలేదు.

పటేలు కొట్టిండు, నేను కొట్టలేదు. అంతే తేడా. ఏప్రిల్ 14 సభలల్ల మైకు పట్టుకొని కులనిర్మూలన గురించి మాట్లాడేటోన్ని, మూడు షెడ్లు తిరిగిన గని ఇంట్ల ఉన్న మనిషిని అడుగలేదు. ఆయనది క్లీనరు తెలివి, నాది చదువు అనుకున్న. ఆ మాట ఎన్నడూ నోటితో అనలేదు. అందుకే అది నాలో ఉన్నదని నాకే తెలువలేదు. చదువుకున్న మన పిల్లలు ఎవరికి వాళ్లు ఈ సంగతి చూసుకోవాలె.

మరుసటి రోజు బాపును ముందట కూసోబెట్టుకొని రోడ్డెక్కిన. అరవై. డెబ్బై. గిన్నె మూత చప్పుడు చెయ్యలేదు. బాపు అలవాటుగా అరచెయ్యి కిందికి ఆనిచ్చి, తీసి, ఒళ్లె పెట్టుకున్నడు.

క్లచ్ మార్చిన షెడ్డు కాడ ఆపిన. "వద్దు బిడ్డా, నామోషి పడ్తడు" అన్నడు బాపు. అయినా దిగి చెప్పిన, తప్పు ఎక్కడున్నదో, ఎవరు పట్టిండ్రో.

మెకానిక్ జీపులున్న బాపు దిక్కు చూసి, "ఎక్కడ నేర్చుకున్నడు సార్?" అన్నడు.

"జీపు కింద" అన్న. "మీదికి ఎక్కనియ్యలేదు."