లతామండపం

హిందూపురంలో ముప్ఫైయేళ్లు తెలుగు బోధించాను. ఏటా పిల్లలను లేపాక్షికి తీసుకువెళ్లి, వేలాడే స్తంభం కింద వస్త్రం దూర్చి చూపేవాడిని. స్తంభానికొక తీరున నగిషీలు చెక్కిన లతామండపాన్ని మాత్రం హడావిడిగా దాటించేవాడిని.

మొన్న ధర్మవరానికి రైలెక్కాను. దారిలో పెనుకొండ, 1565 నాటి రక్కసి తంగడి ఓటమి పిదప విజయనగర ప్రభువులకు రాజధానియైన దుర్గం. ఈ మోకాళ్లతో నాకిక కిటికీ దర్శనమే!

ధర్మవరంలో పూర్వశిష్యుడొకడు మగ్గంపై పట్టుచీర నేస్తున్నాడు. అంచున సుపరిచితమైన లత.

"లేపాక్షిదంట సార్. కాగితం చూసి నేస్తాండా. ఆ గుడి నేను చూల్లేదు."

ఆ యేడు యాత్రకు డబ్బు కట్టలేక మిగిలిపోయినవాడు ఇతడే. ఎందుకు రాలేదని నేనడగనైనా లేదు.

ఆదివారం ఇద్దరమూ వెళ్లాము. వేలాడే స్తంభాన్ని అతడు పట్టించుకోలేదు. లతామండపంలో స్తంభం స్తంభానికీ ఆగి, రాతిమీద వేలితో పోగులు లెక్కపెట్టసాగాడు.