మెట్రో పిల్లర్ కింద ఎవరి హక్ ఉంది?

మా కొండగట్టు దిక్కు జనానికి మెట్రో రైలు హైదరాబాద్ కంటె ముందు దుబాయిలో ఎరుక. దుబాయి మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో వచ్చింది. నడుమ ఎనిమిదేండ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వీసా మీద పోయిన పోరగాండ్లు ఎంతమంది జుమ్మా నాడు ఆ రైలెక్కి తిరిగిన్రో లెక్క లేదు. మా భాయిజాన్ అయితే ఎక్కక ముందే దాన్ని కట్టిండు. షట్టరింగ్ పని ఆయనది. పిల్లర్లకు పెట్టె బిగించుడు, కాంక్రీట్ గట్టిపడ్డంక విప్పుడు. సెలవు మీద ఇంటికొస్తె అబ్బా అడిగిన్రు, "ఎట్లుంటది బేటా ఆ రైలు?" అని. "మంచిగనే ఉంటది అబ్బా. జూన్ నెల పగటీలి ఇనుము ముట్టుకుంటె చెయ్యి కాలుతది" అన్నడు. రైలు సంగతి అడిగితె ఎండ సంగతి చెప్పిండు. కట్టినోడికి యాదికుండేది అదే.

అందుకే ఏ మెట్రో పిల్లర్ చూసినా నాకు రెండు సవాళ్లు వస్తయి. ఇందులో ఎవరి మెహనత్ ఉంది? దీని కింద ఎవరి జాగ పోయింది? రెండో సవాల్ తిరిగి తిరిగి మా ఖాందాన్ గడపకే వచ్చింది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మా అమ్మీ మైకా హైదరాబాద్ పురానా షహర్, శాలిబండ. నికా అయినంక మల్యాలకు వచ్చింది. మెట్రో రెండో కారిడార్ అసలు నక్షాలో జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఉండె. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్లు తెరిచిన్రు. మూసీ కాడికొచ్చి రైలు ఆగిపోయింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు కాయితం మీదనే ఉన్నయి. కొత్త షహర్‌కు ఏసీ రైలు, మాకు మాత్రం ఆటో పొగనా అని పురానా షహర్ జనం ఏండ్ల తరబడి అడిగిన్రు. ఆ అడుగుడు జాయజ్ అడుగుడే. చివరికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా కాడ సంగె బునియాద్ వేసిన్రు. దారి కూడ చాంద్రాయణగుట్ట దాకా పెరిగి ఏడున్నర కిలోమీటర్లయ్యింది.

ఆ దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయరా, హరిబౌలి, శాలిబండ, షంషీర్‌గంజ్, అలియాబాద్ మీదుగ పోతది. మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఎవరో చాలామందికి ఎరుకే. కుతుబ్‌షాహీ సల్తనత్‌కు పేష్వా. 1591లో ఈ షహర్‌కు నక్షా గీసిన పెద్దమనిషి. ఆయన పడుకున్న కబరస్తాన్ పక్క నుంచే ఇయ్యాల షహర్ కొత్త నక్షా పోతున్నది. దారి పొడుగునా మస్జిదులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, మందిరాలు, కబరస్తాన్లు కలిపి నూటికి పైనే ఉన్నయి. వాటిని ముట్టుకోకుంట పిల్లర్ల జాగ జరుపుతం, మలుపులు మారుస్తం, ఎత్తు సరిచేస్తం అని మెట్రో వాళ్లు చెప్పిన్రు. విని అందరం షుకర్ చేసినం. అయితే ఇబాదత్‌గాహ్‌కు వచ్చిన రిఆయత్ బతికున్న మనిషి దుకాణానికి రాలేదు. రోడ్డు 100 అడుగులు కావాలె, స్టేషన్ల కాడ 120. పక్కపొంటి ఇండ్లు, దుకాణాలు వందల లెక్కన పోవాలె. చదరపు గజానికి 81,000 రూపాయల ముఆవజా ఖరారైంది. 2025 జనవరిలో చెక్కులు పంచుడు మొదలైంది.

నానాజాన్ కట్టిన ఇంట్లె ముందు భాగం 42 గజాలు ఆ లెక్కలోకి వచ్చింది. జమీన్ మీదనే 34 లక్షల పైన. గోడల లెక్క వేరే. నానాజాన్‌కు ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు. షరీఅత్ ప్రకారం రుపాయిలో ఎనిమిది అణాలు మామూజాన్‌కు, నాలుగు అణాలు మా అమ్మీకి, నాలుగు అణాలు ఖాలాకు. ఇల్లు నిలబడి ఉన్నన్ని దినాలు ఆడబిడ్డల విరాసత్ గురించి ఎవరూ నోరు తెరవలే. ఇల్లు సగం కూలుతది అన్నప్పుడు తెరిచిన్రు. గోడ పైసలైతెనే హిస్సా యాదికి రావుడు మన ఖాందాన్లలో కొత్త కాదు. మామూజాన్ మాత్రం తనే ఫోన్ చేసి, "ఆపా, నీ హక్ నీకు వస్తది, రావాలె" అన్నరు. అల్లా ఆయనకు అజర్ ఇయ్యాలె.

కథ అక్కడ ఖతం కాలేదు. ఆ 42 గజాలల్ల ఒక ముల్గీ ఉండె. అందులో 31 ఏండ్ల నుంచి ఒక ఘడీసాజ్ చాచా కూసుండె. రెండు మీటర్ల వెడల్పు, ఒక అద్దాల డబ్బా, కంటికి పెట్టుకునే దుర్బీన్. చేతిగడియారం పెట్టుకునుడు మానేసిన జమానాలో కూడ ఆయన కాడికి మూడు తరాల గిరాకీ వస్తుండె. ఎందుకంటె అందరికీ ఆ జాగ ఎరుక. మామూజాన్ కొడుకులు అగ్రిమెంట్ కాయితం తీసిన్రు. పదకొండు నెలల కాయితం, ఏండ్ల కింద ఒక్కసారి రాసింది, మళ్లీ కొత్తది చెయ్యలే. "అడ్వాన్స్ వాపస్ ఇచ్చేద్దాం. అంతకంటె ఏముంది?" అన్నరు. అడ్వాన్స్ ఎంత? ఆనాటి అయిదు వేలు.

చట్టం ఏమంటదో నేను చదివిన. 2013 భూసేకరణ చట్టం జమీన్ మాలిక్ ఒక్కడినే నష్టపోయినోడు అనదు. పట్టణంలో ఆ జాగ మీద మూడేండ్లకు పైగా ఆధారపడి బతుకుతున్న కుటుంబం కూడ బాధిత కుటుంబమే అంటది. అంటె ఘడీసాజ్ చాచా పేరు కూడ కాయితం మీద ఉండాలె. ఉండాలె అనుడు వేరు, ఉండుడు వేరు. ఒక దఫ్తర్‌లో ఆయనను కిరాయి రసీదులు అడిగిన్రట. 31 ఏండ్లు చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చిన కిరాయికి రసీదు ఎక్కడిది? సాక్షి ఎవరు? మేమే. మాలిక్ ఖాందాన్ నోరు తెరిస్తె ఆయన కిరాయెదార్. తెరవకుంటె ఆయన ఎవరూ కాదు.

మా దీన్‌లో హుకూకుల్లా, హుకూకుల్ ఇబాద్ అని రెండు హక్కులున్నయి. అల్లా తన హక్ మాఫ్ చేస్తడేమో, బందా హక్ బందా మాఫ్ చేస్తెనే మాఫ్ అని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్చుకున్నం. అదే మక్తబ్‌లో ఇంకో రివాయత్ కూడ విన్నం. మస్జిదె నబవీ పెద్దగ చెయ్యాలని హజ్రత్ ఉమర్ (రజి) అనుకున్నప్పుడు పక్కన హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అడ్డమొచ్చింది. ఆయన ఇయ్యనన్నరు. ఖలీఫా చేతిలో హుకూమత్ ఉంది, కట్టేది మస్జిద్. అయినా జబర్దస్తీ చెయ్యలే. ఇద్దరూ హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) కాడికి ఫైసలాకు పోయిన్రు. ఫైసలా ఖలీఫాకు ఉల్టా వచ్చింది. మాలిక్ రజామందీ లేకుంట ఇల్లు తీసుకోరాదు అన్నరు. ఖలీఫా తల వంచిన్రు. ఆ తర్వాత హజ్రత్ అబ్బాస్ తనంతట తనే ఇల్లు ఇచ్చేసిన్రు, పైసా తీసుకోకుంట. హక్ ఉందని ఒప్పుకున్నంకనే ఇచ్చుడుకు ఇజ్జత్ ఉంటది. ఇది మెట్రో దఫ్తర్‌కు ఎంత సబఖో, మా అసొంటి మాలిక్ ఖాందాన్లకు అంతే సబఖ్.

శాలిబండ దీవాన్‌ఖానాలో కూసున్నం. అమ్మీ అందరికంటె ముందు మాట్లాడింది. "నా నాలుగు అణాలల్ల నుంచి ఒక అణా ఆయనకు తియ్యున్రి." ఖాలా కండ్లు దించుకుంది. ఆమె బిడ్డ పెండ్లి దగ్గర పడ్డది, ఆ ఒక్క అణా చిన్నది కాదు. నాకూ తగిలింది. నా బిడ్డ మా నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతున్నది, అమ్మీ హిస్సాలోంచే ఫీజు కట్టాలని నా మనసులో ఉండె. మామూజాన్ చాలాసేపు చుప్ ఉండి, "ఆపా ఒక్కదాని మీద ఎందుకు? ముగ్గురి హిస్సాలల్ల నుంచి బరాబర్ తీద్దాం, కొత్త ముల్గీ అడ్వాన్స్, ఏడాది కిరాయి" అన్నరు. చిన్న కొడుకు లేచి బయటికి పోయిండు. ఇంకా మనసు నిండలే ఆ పిల్లగానికి. ఖాలా ఇచ్చింది గని, సంతోషంగా ఇచ్చిందని నేను అనలేను. ఘడీసాజ్ చాచా మొగల్‌పురాలో ఒక గల్లీలో సగం సైజు ముల్గీ చూసుకున్నరు. పాత గిరాకీలో సగమన్న ఆ గల్లీ దొరకబట్టుకుంటదా? పైసలు జాగకు బదులు కావచ్చు, జాగ పేరుకు కాలేవు.

అంటె మెట్రో వద్దా? కావాలె. మా కొండగట్టుకు సవారీ అంటె ఏమిటో మస్తు మంచిగ ఎరుక. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయిన్రు. సీట్లకు మించి జనం. ఎక్కువమంది చుట్టుపక్కల ఊర్ల గరీబోళ్లు, కూలీలు, ఆడోళ్లు. సరైన సవారీ లేకపోతె గరీబోడు జానే పెట్టాలె. పురానా షహర్ నుంచి హైటెక్ సిటీకి ఝాడూ కొట్టేతందుకు పోయే ఆడమనిషికి రెండు బస్సులు మారే బాధ తప్పితె అది చిన్న సంగతి కాదు. కరెంటు రైలు గల్లీలో పొగ వదలదు. బ్రేక్ వేసినప్పుడు పుట్టే తాఖత్‌ను మళ్లీ కరెంటుగా మలిచి వాడుకుంటది. ఇదంతా ఖైర్ పనే.

కాని ఆ ఖైర్‌కు సామాన్ ఎక్కడినుంచి పోతది? మన మానేరు ఇసుక లారీలకెక్కి షహర్ పోతనే ఉన్నది. మన కరీంనగర్ గుట్టలు గ్రానైట్ పలకలై ఓడలెక్కి పోతున్నయి. వాగు ఎండితె బావి ఎండుతది, ఇది మా దిక్కు పిల్లలకు కూడ ఎరుక. పారే నది ఒడ్డున వజూ చేసినా నీళ్లు ఇస్రాఫ్ చెయ్యొద్దన్న ఉమ్మత్ మనది. మరి షహర్ ఇల్లు కూల్చినంక ఆ మలబా ఏమయితది? మా నానాజాన్ ఇంటి సాగ్వాన్ దర్వాజాలు, డంగు సున్నం గోడల రాళ్లు, దూలాలు — కొన్ని చోర్ బజార్ పోయినయి, కొన్ని ట్రాక్టర్‌లో ఎక్కడికో పోయినయి. కూల్చిన మలబాను మళ్లీ వాడుకునే ఇంతెజామ్ చేస్తె, అంతమేర మన వాగు మిగులుతది. షహర్ దుమ్మూ, మన ఇసుకా ఒకటే లెక్కలోవి.

షహర్ కూలి మళ్లీ కట్టుకునుడు ఇది మొదటిసారి కాదు. 1908 మూసీ తుఘ్యానీ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఆ జమానావే. ఆ బోర్డు రోడ్లు వెడల్పు చేసుడే కాదు, బస్తీలల్ల గరీబోళ్లకు ఇండ్లు కూడ కట్టింది. తీసే చెయ్యి, కట్టిచ్చే చెయ్యి ఒకటే ఉండాలన్న సోయి నూరేండ్ల కిందనే ఈ షహర్‌కు ఉండె.

మన దిక్కు రైళ్లు కూడ సబర్ నేర్పినయి. పెద్దపల్లి నుంచి నిజామాబాద్ లైనుకు 1993లో పీవీ నరసింహారావు పునాది వేస్తె, చివరి దాకా రైలు నడిచేసరికి 2017 వచ్చింది. ఇయ్యాల కొండగట్టుకు దగ్గర్ల నూకపల్లి మల్యాల స్టేషన్‌లో రైలాగుతది. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల లైను 2023 అక్టోబర్‌లో సిద్దిపేట అందుకుంది, ఇప్పుడు సిరిసిల్ల దిక్కు వస్తున్నది. సిరిసిల్లలో మిడ్ మానేరు నీళ్ల కింద ఊర్లు మునిగిన జనం ఉన్నరు. ముఆవజా ఎప్పుడొచ్చింది, ఎవరి పేరు లిస్ట్‌లో తప్పింది, వాళ్లనడిగితె చెప్తరు. పురానా షహర్ వాళ్లు అది వినాలె. రేపు మన దిక్కు కొలతలు మొదలైతె మనం పురానా షహర్ వాళ్లను అడగాలె.

హుకూమత్ జిమ్మేదారి హుకూమత్‌ది. మొహల్లా జిమ్మేదారి కూడ ఒకటి ఉంది. కొలతలకు వచ్చిన నాడే ఎవరు మాలిక్, ఎవరు కిరాయెదార్, ఎవరు ముందర బండి పెట్టుకుంటరో మస్జిద్ కమిటీ ఒక రిజిస్టర్‌లో రాసి, నలుగురి దస్తఖత్ పెట్టించాలె. ఆడబిడ్డల హిస్సా ముఆవజా రాకముందే తేల్చాలె. పిల్లర్ కాడ పనిచేసే బిహార్, ఒడిశా పిల్లలకు ఎండకాలం ఒక మట్కా చల్లటి నీళ్లు పెట్టాలె. మన బిడ్డలు దుబాయిలో, రియాద్‌లో ఎవరన్న పెడితె తాగిన నీళ్లు యాదికుండాలె గదా.

మీ ఖాందాన్‌లో ఎవరికన్న ఇసొంటి చెక్కు వచ్చేది ఉంటె ఒక్క గుజారిష్. బ్యాంకుకు పోయే ముందు హిస్సాలు రాసుకునే కాయితం మీద ఆ ముల్గీలో కూసున్న మనిషి పేరు కూడ రాయున్రి. ఎంత ఇయ్యాలన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు.