పరీక్షలో వ్రాసిన చట్టం

తెనాలిలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని వినియోగదారుని ఆరు హక్కులనూ తడుముకోకుండా అప్పజెప్పగలదు. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ నెలలోనే తల్లికోసం కొన్న ప్రెషర్ కుక్కర్ రెండవ రోజుకే మూత పట్టుతప్పి ఆవిరి వదలసాగింది. దుకాణదారు రసీదు అడుగున ఉన్న పంక్తిని వేలితో చూపాడు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ ఆమె మారు పలకకుండా కుక్కర్‌ను సంచిలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

లోపమున్న సరుకును రసీదులో చెప్పిన గడువులో, గడువు చెప్పకుంటే 30 రోజులలో వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి చట్టం చెబుతుంది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. న్యాయవాదీ తప్పనిసరి కాదు. ఇదంతా ఆమె నోటుపుస్తకంలో ఉన్నదే. మరునాడు అధ్యాపకుడు, “మీలో ఎవరైనా ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా?” అని అడిగితే తరగతిలో ఒక్క చేయీ లేవలేదు.

వినియోగదారుల రక్షణ చట్టం రావడానికి ఇరవై ఏళ్ళ ముందే, 1966లో, బొంబాయిలో తొమ్మిదిమంది స్త్రీలు కలిసి వినియోగదారుల మార్గదర్శక సంఘాన్ని నెలకొల్పారు. విద్యార్థులకు అది కంఠస్థం చేయవలసిన ఒక సంవత్సరం, అంతే!

ఆమె తండ్రిది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానా. ఒక పెద్ద వర్తకుడు ఎనిమిది నెలలుగా బాకీ తీర్చలేదు. చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం గోడమీద పటం కట్టి ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం అటువంటి సంస్థకు చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు; మించితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. వివాదం తీర్చడానికి రాష్ట్రంలో ప్రత్యేక మండలి ఉంది. 1978లో మొదలైన జిల్లా పరిశ్రమల కేంద్రాలంటే అప్పుల కోసం వెళ్ళే చోటని మాత్రమే ఆయన ఎరుగును. కూతురు పుస్తకం తెరిచి ఇదంతా చదివి వినిపించింది.

“పెద్దవాళ్ళతో తగవెందుకమ్మా? రేపటి ఆర్డరు కూడా పోతుంది” అన్నాడాయన. ఆ భయం ఉత్తది కాదు. పెట్టెలు కొనేవాడు ఆయనకు అతడొక్కడే.

కుక్కర్ సంగతి మాత్రం ఆమె ఆ సాయంత్రమే 1915కు ఫోన్ చేసి చెప్పింది. ఫిర్యాదు సంఖ్యను రసీదు వెనుక వ్రాసుకుంటూ ఉండగా, తండ్రి పక్కగదిలో పాత బిల్లుల కట్ట విప్పి తేదీలు చూస్తున్నాడు.