హార్ట్‌లో ఎన్ని మాటలున్నాయి?

కాగితం మీద ఇంగ్లీషులో 'హార్ట్' అని రాయండి. హెచ్, ఈ, ఏ, ఆర్, టి - అయిదే అక్షరాలు. వరస మార్చకుండా చదివినా అందులో 'హియర్' ఉంది, 'ఇయర్' ఉంది, 'ఆర్ట్' ఉంది. అటూ ఇటూ మారిస్తే 'హీట్', 'ఈట్', 'టీ', 'ర్యాట్' వస్తాయి. అయిదూ వాడేస్తే 'ఎర్త్', అంటే భూమి. మీ పిల్లలైతే ఇంకా చాలా చెబుతారు.

ఈ ఆటలో మా బావగారిని మించినవారిని నేను చూడలేదు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు. రాత్రి భోజనాలయ్యాక మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పది నిమిషాల్లో పదిహేను, ఇరవై మాటలు రాసేవారు. "చూశావుటోయ్ డాక్టరూ, గుండెలో చెవి ఉంది!" అని నన్ను ఏడిపించేవారు. అదీ ఉత్తమాట కాదు. గుండె పైగదుల్ని కర్ణికలంటాం. కర్ణమంటే చెవే కదా!

ఒక దసరాకి నేను వెళ్ళినప్పుడు ఆయన నాలుగు మాటల దగ్గరే ఆగిపోయారు. 'హ్యాట్' రెండుసార్లు రాశారు. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. వంటింట్లో అక్క గొంతు తగ్గించి, "ఈమధ్యనే ఇలా అయిపోయార్రా" అంది. "డెబ్భై దాటాయి కదక్కా, వయసు" అన్నాను. పాతికేళ్ళకు పైగా రోగుల్ని చూస్తున్నవాణ్ణి, ఇంకొక్క ప్రశ్నయినా వెయ్యలేదు.

పది రోజులకి అక్క ఫోను. పొద్దున్నే తలనొప్పి, పగలంతా నిద్ర, ఎడమకాలు ఈడుస్తున్నారట. అప్పుడడిగాను, ఎప్పుడైనా పడ్డారా అని. వినాయక చవితినాడు పెరట్లో కాలుజారి తల గుమ్మానికి కొట్టుకుందిట. రక్తం రాలేదు కనుక ఎవరికీ చెప్పలేదు!

స్కానింగులో మెదడుకీ, దాని పైపొరకీ మధ్య రక్తం చేరినట్టు తేలింది. వయసు మీరినకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. పైపొరకి వెళ్ళే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగవచ్చు. రక్తం వారాల తరబడి మెల్లగా చేరి మెదడుని నొక్కుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి, రోజూ తాగేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. (అలాగని ఆ మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి.) పుర్రెకి చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేశారు.

మాటల ఆటతో జబ్బు తేల్చవచ్చా అని మీరడగవచ్చు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి ప్రకటించిన పరీక్షలో 'వరల్డ్' అనే మాట స్పెల్లింగుని వెనకనుంచి చెప్పమనడం ఒకటుంది. కాని ఇంగ్లీషు రాని మీ అమ్మగారిని అలా అడిగి బెంగపడితే అన్యాయం. ఆవిడని వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. అసలు చూడవలసింది, నిరుడు చేయగలిగిన పనిని ఇప్పుడు చేయగలుగుతున్నారా అని. ఏళ్ళ మీద వచ్చే మార్పు వేరు, నాలుగు వారాల్లో వచ్చేది వేరు. రెండోది వయసు కాదు. దెబ్బ తగిలిన గుర్తు లేకపోయినా డాక్టరుకి చూపించండి. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ చాలకపోయినా, ఒంట్లో సోడియం పడిపోయినా, దిగులు పట్టుకున్నా ఇలాగే ఉండవచ్చు. వీటన్నిటికీ వైద్యముంది. ఒక పక్క కాలో చెయ్యో లాగినా, మాట తడబడినా, వాంతులు, మూర్ఛ వచ్చినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఈ ఆట ఆడితే మతిమరుపు రాదని మాత్రం నేను చెప్పను. సరదాకి ఆడండి.

ఆపరేషనయిన మూడోవారం వెళ్ళాను. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు. కాగితం మీద పదిహేడు మాటలున్నాయి. 'టియర్' అంటే కన్నీరు, అదే స్పెల్లింగుతో 'టేర్' అంటే చింపడం, కనుక రెండుగా లెక్కవెయ్యాలని బావగారు మనవడితో దెబ్బలాడుతున్నారు.