ఆకలితో వచ్చిన అతిథి

నాలుగేండ్ల క్రిందట వైశాఖమాసమున నొకనాటి యుదయమున నా యెఱ్ఱని నేతచీరను పెరటి కమ్మిమీద నారవేసితిని. అంతలో సన్నని గజ్జెలమ్రోతవంటి ధ్వని వినబడెను. తలయెత్తి చూడగా, చూపుడువ్రేలంత పిట్ట యొకటి చీర యెదుట గాలిలోనే నిలిచి, అంచును ముక్కుతో తాకి చూచుచుండెను. అది పూవు కాదని తెలిసికొని రెప్పపాటులో నెగిరిపోయెను. ఆకలితో గడపకు వచ్చిన యతిథిని వట్టిచేతులతో పంపినట్లు నా మనస్సు చివుక్కుమనెను.

మేము కాపురముండునది అమెరికాలో కొలరాడో రాష్ట్రమున, డెన్వరు నగరమునకు పడమట, రాకీ పర్వతముల పాదమున. ఆ పక్షిని హమ్మింగుబర్డందురు. అమెరికా ఖండములందు దక్క మఱెచ్చటను లేదు. మన పెరళ్లలో మందారములపై వ్రాలు తేనెపిట్ట వేఱు కుటుంబమునకు చెందినది. అది తఱచుగా కొమ్మపై కూర్చుండి తేనె త్రాగును, ఇది ఱెక్కలాడించుచు గాలిలో నిలిచి త్రాగును. మా వైపునకు వచ్చునది వెడల్పుతోక జాతి. మగపిట్ట కంఠము గులాబివన్నె. ఎగురునపుడు దాని ఱెక్కలే యా గజ్జెలసవ్వడి చేయును. తూకము మన రూపాయిబిళ్ల కించుమించు. అట్టి ప్రాణి శీతకాలము మెక్సికోలో గడపి, ఏప్రిలులో నిన్ని వందల మైళ్లు వచ్చును. చలిరాత్రులందు ఒడలి వేడిమిని తగ్గించుకొని, మొద్దునిద్రలో ప్రాణము నిలుపుకొనును. తెల్లవాఱగానే దానికి తేనె కావలెను.

మఱునాడే యంగడి కేగి, పెక్కు రేకులతో ముద్దగా పూచిన యెఱ్ఱపూల మొక్కలు తెచ్చితిని. అవి కన్నులకు విందేగాని, వానిలో మకరందము స్వల్పము. పిట్ట వచ్చి చూచి పోయెను. రెండవయేట ఈ ప్రాంతపు పెన్‌స్టెమన్ మొక్కలు తెచ్చి, పుట్టింటి యలవాటుచొప్పున పెంటయెరువు దట్టముగా వేసి, ఉదయసాయంకాలములు నీరు పోసితిని. నెలతిరుగక మునుపే వేళ్లు కుళ్లి యన్నియు చచ్చినవి. పొరుగింటి వృద్ధురాలు చూచి, “వీనిని చంపినది ఎండ కాదమ్మా, మీ ముద్దు” అని నవ్వినది. గుంటూరులోనున్న మా అమ్మతో ఫోనులో చెప్పుకొని దుఃఖింపగా, “నీ ప్రీతినిబట్టి కాదే అమ్మాయీ, దాని యాకలినిబట్టి పెట్టవలె” ననెను.

ఆ మాట నాకు కన్నులు తెఱపించెను. డెన్వరులో సంవత్సరమునకు కురియు వాన, మంచు కలిసి పదునాలుగైదంగుళములు. మన కోస్తాజిల్లాల వానలో సగమైనను లేదు. మే నెల నడుమవఱకు మంచుకాటు తప్పదు. ఇట్టి నేలలో వేలయేండ్లుగా బ్రతికిన మొక్కలకు మన యుపచారము విషమే.

మూడవయేట, పిట్ట వచ్చిననాటినుండి పోవునాటివఱకు పూలు ఎడతెగకుండునట్లు మొక్కల నేర్చి కూర్చితిని. ఏప్రిలు, మే నెలలకు గోల్డెన్ కరెంట్ పొద. దాని పచ్చనిపూలే తొలి యాహారము. పిదప ఈ రాష్ట్రపుష్పమైన నీలి కొలంబైన్, దానితోపాటు ఎఱ్ఱ కొలంబైన్, ఫైర్‌క్రాకర్ పెన్‌స్టెమన్. నడివేసవికి గొట్టములవంటి ఎఱ్ఱపూల స్కార్లెట్ బ్యూగ్లర్, స్కార్లెట్ గిలియా. గిలియా మొదటియేడు ఆకుల చక్రముగా నుండి, తరువాత పూచి, గింజలు రాల్చి చచ్చును. కావున ఆ గింజలను రాలనీయవలెను. ఆగస్టు మొదలు చలివఱకు హమ్మింగుబర్డ్ ట్రంపెట్. కొండలపై నెఱ్ఱగా మెఱయు పెయింట్‌బ్రష్ మొక్కను మాత్రము త్రవ్వి తేరాదు. అది పొరుగు మొక్కల వేళ్లనుండి గూడ నాహారము గైకొనునది, వేఱుచేసిన బ్రతుకదు.

ఎరువు వేయలేదు. బంకనేలపై గులకరాళ్లు కలిపి మిట్టచేసి, నీరు జాఱిపోవునట్లు నాటితిని. వేరూనువఱకు తొలియేడు నీరు పోసి, తరువాత మిక్కిలి యెండినప్పుడే పోయుచున్నాను. పెన్‌స్టెమన్ గింజలను శరత్తులోనే చల్లవలెను. చలి తగిలినగాని అవి మొలవవు. పురుగుమందు వాడరాదు, ఈ పిట్టలు చిన్న పురుగులనుగూడ తినును, ఆడపిట్ట సాలీటిపట్టుతో గూడల్లి, ఒంటరిగానే రెండు పిల్లలను పెంచును. పూలు చాలనినాడు ఒకపాలు తెల్లచక్కెరకు నాలుగుపాళ్లు నీరు కలిపి పెట్టవచ్చును; రంగు కలుపరాదు, పాత్రను తఱచుగా కడుగవలెను.

సోదరీమణులారా, మీ పెరటిలో చోటున్నచో, అంగడివాడు మెచ్చినదానిని గాక, మీ నేల మెచ్చినదానిని నాటుడు. మన మోదుగ పూచినపుడు తేనెపిట్టలకు పిలుపు పంపువారెవరు?

మొన్న శ్రావణమాసమున రాగివన్నె హమ్మింగుబర్డు వేఱొకటి దక్షిణమునకు బోవుచు మా పెరటిలో దిగెను. వెడల్పుతోక పిట్టను తఱిమి, గిలియాపూలన్నియు తనవేయన్నట్లు కావలికాచెను. ఆనాడును కమ్మిపై నా యెఱ్ఱచీర ఆరుచునేయుండెను. రెండు పిట్టలలో నొక్కటియు దానివంక చూడలేదు.