తుడిచినా నిలిచే మెరుపు

"పైన పటారం, లోన లొటారం" అన్న సామెత పుట్టిన నాటికి ప్లాస్టిక్ బొమ్మ కార్లు లేవు గానీ, వాటి బంపర్ల విషయంలో అది అక్షరసత్యం. వెండిలా తళతళలాడే ఆ బంపర్లను, గ్రిల్లును, చక్రాల మూతలను మనం క్రోమ్ అంటాం. నిజానికి వాటిలో చాలావాటిపై క్రోమియం లేశమైనా ఉండదు. ఉన్నది అల్యూమినియం. మన వంటింటి సత్తుగిన్నె లోహమే.

గాలి తోడేసిన గదిలో టంగ్‌స్టన్ తీగపై అల్యూమినియాన్ని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి, ముందే లక్కరు పూసి ఉంచిన ప్లాస్టిక్ భాగాలపై పేరుకుని అద్దమవుతుంది. ఆ పొర మందం మైక్రానులో పదో వంతుకు అటూ ఇటూ. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లనుకుంటే, ఇది అందులో ఏడువందలో వంతు అన్నమాట. దానికి రక్షణగా పైన మరో పలుచని పూత ఉంటే ఉంటుంది. ఇంత నాజూకు మెరుపు చేతి చెమటకూ గుడ్డ రాపిడికీ ఎన్నాళ్ళు ఆగుతుంది? అసలు కారు సంగతి వేరు. ఉక్కు బంపరుపై విద్యుత్తుతో నికెల్ పోసి, ఆపైన క్రోమియం పూస్తారు. ఏళ్ళ తరబడి తుడిచినా అది చెక్కు చెదరదు.

ఈ తేడా మా బావకు తెలియదు. తెలిసినా పట్టించుకునేవాడు కాదేమో! మార్కాపురం రోడ్ స్టేషనులో రైలు దిగిన శ్రీశైలం యాత్రికులను దోర్నాల మీదుగా నల్లమల ఘాటెక్కించిన టాక్సీ డ్రైవర్లలో ఆయన ఒకడు. బండి అంబాసిడర్. డ్యాష్‌బోర్డు మీద జానెడు ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ ఉండేది. తెల్లవారి పెద్ద బంపరు తుడిచిన గుడ్డతోనే చిన్న బంపరునూ తుడిచేవాడు. ఆ కార్ల ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు బండీ పోయింది, ఇంకొన్నాళ్ళకు బావా పోయాడు. మిగిలింది బొమ్మ. దాని ముందు బంపరు కుడివైపు మెరుపంతా పోయి, బూడిదరంగు ప్లాస్టిక్ బయటపడింది. అది నిర్లక్ష్యం వల్ల కాదు, శ్రద్ధ వల్ల.

"ఇది మునుపటిలా మెరిసేట్టు చెయ్యరా తమ్ముడూ" అని అక్క ఆ బొమ్మను నా చేతిలో పెట్టింది. నాకు ఈ బొమ్మ బండ్ల పిచ్చి ఉందని ఆమెకు తెలుసు.

చిక్కేమిటంటే, ఈ క్రోమ్‌కు అతుకు వేయడం కుదరదు. పోయిన చోట మాత్రమే రంగు వేస్తే మచ్చలా కనబడుతుంది. విరిగిన కొస అతికించాలన్నా ప్లాస్టిక్ జిగురు ఆ పొర మీద పట్టదు. కళాయి పోసేవారిని చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. గిన్నెను తోమి, కాల్చి, నవసాగరం చల్లి, లోహం శుభ్రంగా తేలాకే తగరం పూస్తారు. ఇక్కడా అంతే. కొత్తది రావాలంటే పాతది పూర్తిగా పోవాలి. బావ చేతిగుర్తుతో సహా. ఆ మాటే అక్కతో చెప్పాను.

"ఏందిరా, బంపరు కళ తప్పితే ఆయనుంటే ఊరుకునేవాడా? తీసెయ్" అంది. నా సందేహం అక్కడితో తీరింది.

పాత మెరుపు తీయడం తేలిక. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, చెంచాడు కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేయాలి. నీళ్ళలో సోడా వేయాలే గానీ, సోడా మీద నీళ్ళు పోయరాదు, చిమ్ముతుంది. చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. సత్తుగిన్నె వాడితే బంపరుతో పాటు గిన్నెనూ తింటుంది. క్షారం తగలగానే అల్యూమినియం కరిగి సన్నని బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్, దగ్గరలో నిప్పు ఉండకూడదు. కొద్ది నిమిషాల్లో అద్దం మాయమవుతుంది. బట్టల బ్లీచింగ్ ద్రవమూ నిదానంగా ఇదే పని చేస్తుంది. అయితే దానిని బాత్రూములు కడిగే యాసిడ్‌తో కలిపితే వచ్చే క్లోరిన్ ప్రాణాంతకం.

కింద మిగిలే లక్కరు పొరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తీశాను. థిన్నరు జోలికి పోరాదు, ప్లాస్టిక్కే కరిగిపోతుంది. మా పడమటి పల్లెల బోరు నీళ్ళు ఆరితే తెల్లని మరకలు వదులుతాయి. అందుకని ఆఖరి కడుగుడు బ్యాటరీ నీళ్ళతో. అచ్చు గీతలను మార్కాపురం పలక మీద వాటర్ పేపర్ పరిచి, తడిపి రుద్దాను. అంత సమతలమైన బల్ల మరొకటి దొరకదు. తడపకుండా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో పలకల పనివారున్న ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక కొత్త మెరుపు. నిగనిగలాడే నల్లరంగు వేసి, పూర్తిగా ఆరాక ద్రవ క్రోమ్ పూస్తే కార్ఖానా మెరుపుకు దగ్గరగా వస్తుంది. అయితే వేలు తగిలితే మసకబారుతుంది. కాపాడదామని పైన పారదర్శకమైన పూత వేస్తే అద్దం కాస్తా మామూలు వెండిరంగవుతుంది. రెండోదారి, ఆక్రిలిక్ వెండిరంగు వేసి, దానిపై గట్టి పారదర్శక పూత. అద్దంలా ఉండదు, కానీ చేతికి ఆగుతుంది. మెరుపు, మన్నిక రెండూ ఒకే సీసాలో నాకైతే దొరకలేదు.

పనికిరాని బొమ్మ లారీ బంపరు మీద సగం ఇదీ సగం అదీ వేసి, వారం ఆరనిచ్చి అక్క ముందు పెట్టాను. ఏమీ చెప్పకముందే చీర చెంగుతో రెండింటినీ తుడిచింది. ఒకటి మబ్బుపట్టింది. రెండోది అలాగే ఉంది.

"ఇదే వెయ్యి. తుడవడానికి వీల్లేనిది నాకెందుకు?" అంది.

అదే వేశాను. బొమ్మ ఇప్పుడు బావ ఫొటో కింద ఉంది. కొత్తదానంత తళుకు లేదు. రోజూ గుడ్డ మాత్రం తగులుతోంది. మీ ఇంట్లోనూ ఇటువంటిదేదైనా బాగుచేయాల్సి వస్తే, ఏ రంగు కొనాలో వెతికే ముందు, దానిని రోజూ ముట్టుకునేదెవరో కనుక్కోండి.